చాంద్ బీ ఉతకమని ఇచ్చిన మూట

ఎర్రగుంటపల్లె చాకలి ఎల్లక్కకు అక్షరం ముక్క రాదు. అయినా ఊళ్లో నలభై ఇళ్ల బట్టల మీద ఆమె చేతిరాత ఉండేది. నల్లజీడి గింజను గుచ్చి, ఆ రసంలో పుల్ల ముంచి, బట్ట అంచున చుక్కో గీతో పెట్టిందంటే ఆ బట్ట పేలికలై పొయ్యిలోకి పోయే దాకా గుర్తు పోదు. పోలీసు పటేలు ఇంటికి రెండు నిలువు గీతలు. కోమటి ఇంటికి సున్నా. పీర్ల చావిడికి మూడు చుక్కలు. పెండ్లయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి ఒకరి బట్ట ఇంకొకరి ఇంటికి పోయింది లేదు.

అత్త దగ్గర ఆమె నేర్చుకున్న విద్య అంతా ఒక్క మాటలో ఉంది. ఎవరి చేతి నుంచి తీసుకున్న బట్ట వాళ్ల చేతికే ఇవ్వాలి. ఇచ్చిన మనిషి ఇంట్లో లేకుంటే గడప మీద పెట్టి రాకూడదు, మళ్లీ మోసుకుపోవాలి. ఒకసారి కోమటి భార్య పుట్టింటికి పోయి నాలుగు నెలలు రాకపోతే, ఆమె చీరను ఎల్లక్క నాలుగు నెలలూ దండెం మీదే ఉంచి, దుమ్ము పట్టిందని రెండుసార్లు మళ్లీ ఉతికింది.

"ఇంట్ల ఆమె మొగడున్నడు గదనే, ఆయనకియ్యరాదు?" అన్నాడు ఎల్లక్క మొగుడు సాంబయ్య.

"చీర ఆయన కట్టుకుంటడా?" అని అడిగింది ఎల్లక్క. సాంబయ్య గాడిదను తోలుకుపోయాడు.

ఆ నలభై ఇళ్లలో మాదిగవాడ లేదు. ఆ వాడ బట్టలు చాకలి ముట్టకూడదని ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తు లేదు, కానీ అందరూ పాటించేవారు. సంఘం వాళ్లు ఊళ్లోకి వచ్చి వెట్టి బందు చేయించిన ఏడాది, కళ్లద్దాల నాయకుడొకాయన అరుగు మీద నిలబడి మనుషులంతా ఒక్కటేనని, ఇకపై చాకలోళ్లు మాదిగవాడ బట్టలు కూడా ఉతకాలని చెప్పాడు. ఎల్లక్క అందరికంటే గట్టిగా తలూపింది. వెట్టి పోయినందుకు ఆమెకు నిజంగానే సంతోషం. పటేలు ఇంట్లో ఉత్తపుణ్యానికి చేసే చాకిరి తప్పింది. మాదిగవాడ సంగతి మాత్రం సంఘం వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు చూద్దామనుకుంది. వాళ్లు వచ్చినప్పుడల్లా తలూపింది. ఎల్లక్క ఆడిన అబద్ధం ఏదైనా ఉంటే అది ఇదే, అదీ నోటితో ఆడలేదు.

ఆ తర్వాతి నాలుగేళ్లలో ఎవరు ఎవరితో కొట్లాడినా, బట్టలు మాత్రం వాగులో ఒకే బండ మీదికి వచ్చాయి. సంఘం వాళ్ల బురద నిక్కర్లు, రజాకార్ల ఖాకీ అంగీలు, ఆ తర్వాత బచ్చన్నపేటలో దిగిన యూనియన్ మిలిటరీ వాళ్ల దుప్పట్లు. నెత్తురు మరక ఎవరిదైనా చన్నీళ్లే పోయాలి, వేడినీళ్లు పోస్తే కూర్చుంటుంది. రాజకీయాల గురించి ఎల్లక్కకు తెలిసింది అంతే. పటేలు సోమనర్సయ్యకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. శ్రావణంలో రజాకార్లకు విందు చేసిన రోజున తొడిగిన షేర్వానీ, భాద్రపదంలో మిలిటరీకి దండ వేసిన రోజున తొడిగిన ఖద్దరు అంగీ, ఆయన ఇంటి నుంచి ఒకే మూటలో వచ్చాయి. ఎల్లక్క రెండింటి మీదా అవే రెండు గీతలు పెట్టింది.

ఊళ్లో ముస్లింల ఇళ్లు మూడే. పీర్ల పండుగ మాత్రం ఊరందరిదీ. కర్రలకు తొడిగిన ఇత్తడి పీర్లను ఎత్తుకునేది గొల్లలు, డప్పు మాదిగలది, నిప్పుల గుండం చుట్టూ ఆడేది అన్ని కులాల వాళ్లు, మొక్కులు మాత్రం పటేలు ఇంటివే ఎక్కువ. చావిడిని చూసుకునే ముజావరు ఇమాం సాబ్, ఆయన భార్య చాంద్ బీ. పండుగకు ముందు పీర్లకు కట్టే దట్టీలను ఎల్లక్కే ఉతకాలి. ఆ రోజు ఆమె వేరే బట్ట ముట్టదు. ఒక్కపొద్దు ఉండి, వాగుకు ఎగువన, ఎవరూ కాలు పెట్టని చోటికి పోయి ఉతుకుతుంది. పండుగనాడు చాంద్ బీ ఆమె కొంగులో దోసెడు మలీద పోస్తుంది. రొట్టె నలిపి బెల్లం కలిపిన ఆ మలీదను ఎల్లక్క ఇంటికి చేరేలోపే సగం తినేస్తుంది. ఏడాదికి ఆమె చేసే దొంగతనం అదొక్కటి.

యూనియన్ మిలిటరీ వచ్చిన వారానికి రజాకార్లు ఎటు పోయారో పోయారు. వాళ్లు చేసిన పాపాలు మాత్రం ఇక్కడే మిగిలాయి. వాటికి ఎవరో ఒకరి మీద కసి తీర్చుకోవాలని కొందరు కర్రలు పట్టుకుని తిరిగారు. రజాకార్లు దొరకలేదు కాబట్టి దొరికినవాళ్లతో సరిపెట్టుకున్నారు. ఇమాం సాబ్ జనగామ అంగడికి పోయి తిరిగి రాలేదు. ఆరు నెలల కింద రజాకార్లు ఊరి మీద పడ్డ రోజున గొల్లల ఆడవాళ్లను చావిడిలో దాచి తలుపుకు అడ్డంగా కూర్చున్న మనిషి ఆయన. ఊరు మొత్తం అయ్యో అంది. వెతకడానికి మాత్రం ఎవరూ పోలేదు, సాంబయ్య కూడా పోలేదు. మిగతా రెండు ముస్లిం ఇళ్ల వాళ్లు రాత్రికి రాత్రే ఊరు విడిచారు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం చాంద్ బీ వాగు దగ్గరికి వచ్చింది. చంకలో మూట, వెనక ఇద్దరు ఆడపిల్లలు. ఎన్నడూ లేనిది నుదుట బొట్టు పెట్టుకుంది.

"ఎల్లక్కా, దట్టీలు తెచ్చిన. ఉతుకు."

"ఇప్పుడెందుకే? పండుగ ఇంకా నెలన్నర ఉన్నది."

"ఉతికి పెట్టు. నేనే వచ్చి తీసుకుంట."

మూట అందుకోగానే ఎల్లక్కకు సంగతి తెలిసింది. దట్టీలు అంత బరువుండవు. లోపల ఇత్తడి అంచు చేతికి తగిలింది. కర్రల నుంచి ఊడదీసిన అయిదు పీర్లూ అందులో ఉన్నాయి. దాచమని చాంద్ బీ అనలేదు. అంటే ఎల్లక్క భయపడేది, ఒకవేళ కాదనేది కూడా. ఉతకమంటే మాత్రం కాదనలేదు, అది ఆమె పని. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చాంద్ బీ బొట్టు కొద్దిగా పక్కకు పోయి ఉంటే ఎల్లక్క తడిచేత్తో సరిచేసింది. ఆ పిల్లలిద్దరినీ పట్టుకుని చాంద్ బీ హైదరాబాదు దారి పట్టింది.

నాలుగు రోజులకు పటేలు చావిడి తాళం పగలగొట్టించాడు. ఊళ్లో రజాకార్ల గుర్తు ఏదీ మిగలొద్దని ఆయన పట్టుదల, తన షేర్వానీ తప్ప. మూడు తరాలుగా తన ఇంటివాళ్లే మొక్కిన పీర్లను మిలిటరీ ఆఫీసరు ముందు కరిగించి చూపిద్దామనుకున్నాడు. లోపల కర్రలు తప్ప ఏమీ లేవు. చాంద్ బీ వాగు మీదుగా పోయిందని విన్నాక, పీర్లు ఎటు పోయి ఉంటాయో ఊహించడానికి ఆయనకు పెద్దగా సమయం పట్టలేదు.

ఇద్దరు మనుషులతో పటేలు చాకలివాడ మలుపు తిరగడం ఎల్లక్క వాకిట్లోంచి చూసింది. ఇంట్లో దాచడానికి గోడలు తప్ప ఏమీ లేవు. వాకిట్లో ఆరు మూటలున్నాయి. అయిదింటిని ఎవరైనా విప్పుతారు. ఆరోది పొద్దున తెచ్చిన పురుటి బట్టల మూట. కాన్పు మైల బట్టలు చాకలి తప్ప ఇంకెవరూ ముట్టరు, వాటి నీడ కూడా తగలనివ్వరు. ఎల్లక్కకు ఆలోచించే వ్యవధి లేదు. ఆ మూట విప్పి, మైల బట్టల నడుమ అయిదు పీర్లనూ కుక్కి, ముడి బిగించింది.

"ఏమే ఎల్లీ, ఆ తురకామె నీ దగ్గర ఏమన్న పెట్టిపోయిందా?" అన్నాడు పటేలు.

"దట్టీలిచ్చింది పటేలా. ఉతకమని."

"ఇంకేం ఇయ్యలే?"

"మూటలన్ని ఈడనే ఉన్నయి. సూసుకోన్రి."

మనుషులు అయిదు మూటలూ విప్పి వాకిలంతా పరిచారు. ఉతికిన బట్టల మీద చెప్పులతో నడిచారు. ఆరోదాని దగ్గరికి వచ్చి ఆగారు.

"గదేంది?" అన్నాడు పటేలు.

"మీ ఇంటిదే పటేలా. రాజమణమ్మ పురుటి బట్టలు. విప్పమంటరా?"

రాజమణి పటేలు కోడలు. మొన్ననే మగపిల్లవాణ్ని కన్నది. పటేలు నాలుగడుగులు వెనక్కి వేశాడు, అక్కడ నిలబడ్డందుకే తలస్నానం చేయాలని ఇంటికి పోయాడు. ఆయన మనుషులు కూడా స్నానానికే పోయారు. ఎల్లక్క చెప్పుల ముద్రలు పడ్డ బట్టలు ఏరి మళ్లీ మూటలు కట్టింది.

పీర్లు దక్కాయి. ఎల్లక్కకు మాత్రం ఆ రోజు నుంచి ముద్ద దిగలేదు. ఒక్కపొద్దు ఉండి ఎగువ నీళ్లలో ఉతికే దట్టీలు కట్టుకునే దేవుళ్లను తీసుకుపోయి పురుటి నెత్తుటిలో పెట్టింది. పటేలు కరిగించినా అంత తప్పు అయ్యేది కాదేమో, అది తప్పని ఆయనకు తెలియదు, తను తెలిసి చేసింది. పీర్లను వాగుకు ఎగువన ఏడుసార్లు కడిగింది. చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది. ఇత్తడి తళతళలాడింది. ఆమెకు మాత్రం అది శుభ్రం అయినట్టు అనిపించలేదు.

కార్తీకంలో పండుగ రోజులు వచ్చాయి. చావిడి తెరవలేదు, గుండం తవ్వలేదు, డప్పు మోగలేదు. ఆ పది రోజులూ ఎల్లక్కకు జ్వరం. బచ్చన్నపేట నుంచి వైద్యుణ్ని తెస్తానని సాంబయ్య అంటే వద్దంది. జ్వరం ఎందుకొచ్చిందో తెలిసినప్పుడు వైద్యుడితో పనేముందని ఆమె లెక్క.

"చాంద్ బీ వస్తే ఏమని చెప్తవ్?" అన్నాడు సాంబయ్య.

"అదే తెలుస్తలేదు. వస్తే ఎట్లనని ఒక భయం, రాకపోతే ఎట్లనని ఒక భయం."

మాఘ మాసంలో ఊరికి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన తెల్లదొర మిలిటరీవాడు కాదు, పాదిరీ కూడా కాదు. ఏయే దేశంలో ఎవరి మతాన్ని ఎవరు అడ్డుకుంటున్నారో అడిగి రాసుకుపోయే ఒక సంఘం మనిషి అట. అలాంటి పని కూడా ఒకటుందని, దానికి జీపు కూడా ఇస్తారని ఊరికి అప్పుడే తెలిసింది. ఆయనకు తెలుగు చెప్పడానికి జనగామ మిషన్ బడి పంతులు అబ్రహాం వచ్చాడు. అబ్రహాం ఇదే ఊరి మాదిగవాడలో పుట్టినవాడు. తెల్లంగీ తొడుక్కుని దొర పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అరుగు మీద అబ్రహాం కుర్చీలో కూర్చోవడం పటేలుకు మింగుడు పడలేదు గానీ, కుర్చీ వేయించింది ఆయనే. ఆ అంగీ కాలరు దగ్గర మురికి నిలిచి ఉందని ఎల్లక్క దూరం నుంచే గమనించింది. పాపం, ఆయన బట్టలు ఆయనే ఉతుక్కుంటాడు.

దొర కాగితం మీది ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ పటేలే జవాబు చెప్పాడు.

"మా ఊర్ల ముస్లింలకు ఏ తక్లీఫ్ లేదు. ఒక్కరు గూడ ఫిర్యాదు చెయ్యలే."

"ఎంతమంది ఉన్నరు?" అని దొర అడిగినట్టు అబ్రహాం చెప్పాడు.

"ఇప్పుడెవ్వరు లేరు."

అబ్రహాం ఉన్నదున్నట్టు తిప్పి చెప్పాడు. దొర రాసుకున్నాడు. రాసినదాన్ని ఇంకోసారి చదువుకుని తలెత్తి పటేలును చూశాడు. తర్వాత గుంపులో ముందున్న ఎల్లక్కను చూపించి, ఆమె మతమేమిటని అడిగాడు.

"చాకలోళ్లం," అంది ఎల్లక్క.

"అట్ల కాదక్కా. ఏ దేవుణ్ని మొక్కుతవని."

"మా చాకలోళ్ల మడేలయ్యను మొక్కుత. పోచమ్మకు బోనం జేస్త. పీర్లకు ఒక్కపొద్దుంట. మొన్న నీ పెండ్లికి మీ గుడి ముంగట నిలవడి దండం బెట్టిన."

దొర కాగితంలో మతానికి ఒక్క గీతంత జాగానే ఉంది. ఆయన కాసేపు చూసి, ఆ జాగాను ఖాళీగా వదిలేశాడు. సంచిలోంచి ఇంకో కాగితం తీసి అబ్రహాంకు ఇచ్చాడు. రెండు నెలల కింద పారిస్ పట్నంలో దేశదేశాల వాళ్లు కూర్చుని ఒప్పుకున్న మాటలట. అబ్రహాం నిలబడి తెలుగులో చెప్పాడు. ప్రతి మనిషికీ తన మతం తనకు ఉండే హక్కుంది. మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు. ఒక్కడైనా, నలుగురితో కలిసైనా, ఇంట్లోనైనా, బజార్లోనైనా పూజ చేసుకోవచ్చు, పండుగ చేసుకోవచ్చు.

"అబ్రహాం, జర ఇంకోసారి సెప్పు," అంది ఎల్లక్క.

అబ్రహాం మళ్లీ చెప్పాడు. పటేలు పక్కనే ఉన్నాడు. అయినా ఎల్లక్క ఇన్ని నెలలుగా ఎవరినీ అడగలేక మింగుతున్న మాట ఆగలేదు.

"మంచిగనే ఉన్నది. మరి ఆ మనిషి పానం కోసం ఊరిడిసి పోయిందనుకో. ఆమె దేవుణ్ని ఇంకో కులపామె ముట్టి కాపాడొచ్చునా? కాపాడేటందుకు ఏదన్న తప్పు జేస్తే, ఆ తప్పు ఎవలు మాఫ్ జేస్తరు? గది ఉన్నదా అండ్ల?"

పటేలు మొహం మారింది. పీర్లు ఎక్కడున్నాయో ఆయనకు ఇప్పుడు రూఢిగా తెలిసింది. అబ్రహాం ఇంగ్లీషులో చెబుతుంటే దొర టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఆ తర్వాత నోటుబుక్కులో చాలాసేపు రాశాడు.

"అండ్ల లేదంటున్నడక్కా. రాసుకున్నడు. పెద్దలను అడిగి చెప్తడంట."

జీపు ఎక్కబోతున్న అబ్రహాం చెయ్యి పటేలు పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి.

"ఏం రాసిండురా?"

"ఊరి పేరు, పీర్ల సంగతి, మీ పేరు."

"నా పేరెందుకు?"

"ఊరికి పెద్ద మీరే గద."

తెల్లారి పటేలు ఎల్లక్క వాకిట్లోకి వచ్చాడు. "ఎల్లమ్మా, ఆ దట్టీలు జర పైలంగ ఉంచు," అని పటేలు వెళ్లిపోయాడు. వారంలో చావిడికి కొత్త గడ్డి కప్పించాడు. పగలగొట్టించిన తాళం చోట అంతకంటే పెద్ద తాళం వేయించాడు. జీపు చప్పుడైతే చాలు, చావిడి ముందు ఊడ్పించేవాడు. ఆ దొర మళ్లీ రాలేదు. పెద్దలు ఏమన్నారో తెలియలేదు. ఆ నోటుబుక్కు ఏ దేశంలో ఏ అల్మారాలో చెదలు పట్టిందో కూడా తెలియదు. పటేలు మాత్రం దాని కోసం చచ్చే దాకా ఎదురుచూశాడు, పదకొండేళ్లు. ఎర్రగుంటపల్లెలో మతస్వేచ్ఛను ఇంత శ్రద్ధగా కాపాడినవాడు మరొకడు లేడు.

మళ్లీ పండుగకు వారం ఉందనగా, చాంద్ బీ వచ్చింది. వెనక ఆ ఇద్దరు పిల్లలూ ఉన్నారు, ఒక్క ఏడాదిలో చేతికందారు. నుదుట బొట్టు లేదు. ఇంటికి కూడా పోకుండా నేరుగా వాగు దగ్గరికే వచ్చింది.

"నా బట్టలేవి ఎల్లక్కా?"

ఎల్లక్క ఇంటికి తీసుకుపోయి మూట ఆమె చేతిలో పెట్టింది. దట్టీల మడతలు చెదరలేదు. అయిదు పీర్లూ ఉన్నాయి. చాంద్ బీ వాటిని కళ్లకు అద్దుకోబోయింది. ఎల్లక్క ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు చెల్లె. అద్దుకోకు. ముంగట నా మాట ఇను." అంతా చెప్పింది. పటేలు రావడం, ఆరో మూట, రాజమణి పురుటి బట్టలు. చెబుతూ చెబుతూ నేల మీద కూర్చుంది. "దేవుళ్లను మైలల పెట్టిన. ఏడుసార్లు కడిగిన. ఏం జేసినా పోతలేదు. నువ్వు తిట్టు, కొట్టు, ఏం జేసినా పడత."

"పిలగాడు మంచిగున్నడా?" అని అడిగింది చాంద్ బీ.

"ఎవలు?"

"రాజమణమ్మ కొడుకు."

"మంచిగున్నడు. నడుస్తున్నడు."

"ఏడుసార్లు కడిగిన్నంటివి గద?"

"ఏడుసార్లు."

"మరి ఇంకా మైలేందక్కా? ఊరందరి మైల ఉతికి తెల్లగ జేసి ఇస్తవు. మేము కట్టుకుంటలేమా? ఉతికితే పోదని నువ్వే అంటే, మేమంత ఏం గావాలె?"

అని అయిదు పీర్లనూ ఒక్కొక్కటే కళ్లకు అద్దుకుంది. ఎల్లక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్లుగా బండ మీద బట్టలు బాదుతోంది. పోయేది మురికి మాత్రమేనని, మైల ఎక్కడికీ పోదని, అది ఉతికేవాళ్ల చేతులకు అంటుకుని ఉంటుందని ఆమెకు చిన్నప్పటి నుంచి చెప్పారు. ఆమె నమ్మింది. కాదన్న మనిషి చాంద్ బీ ఒక్కతే.

ఆ ఏడు, అన్నేళ్లూ ఇమాం సాబే పట్టిన పెద్ద పీరును కూడా చాంద్ బీ తెచ్చి గొల్లల చేతికిచ్చింది. గుండం తవ్వారు, డప్పు మోగింది. దీపాలకు నూనె పటేలు పంపించాడు, చేటతో ఊదు కూడా పంపించాడు. పండుగకని జనగామ నుంచి అబ్రహాం తల్లి దగ్గరికి వచ్చాడు. కొంగులో మలీద పట్టుకుని ఇంటికి పోతున్న ఎల్లక్క, గుండం దగ్గర ఆయన ముందు ఆగింది.

"అబ్రహాం, ఆ అంగీ ఇడిసియ్యి."

"ఎందుకక్కా?"

"కాలరు సూసినవా? ఆ దొర వచ్చిన్నాటి సంది సూడలేక సస్తున్న."

అబ్రహాం చుట్టూ చూశాడు. చాలామంది చూస్తున్నారు. పటేలు కూడా చూస్తున్నాడు. అబ్రహాం మెల్లగా గుండీలు విప్పి, అంగీని నేల మీద పెట్టబోయాడు, వాడ వాళ్లు ఊరి వాళ్ల చేతికి ఏదీ ఇవ్వకూడదన్న ఎప్పటి అలవాటు అది. ఎల్లక్క చేయి చాపి, కింద పడకముందే అందుకుంది.

ఇంటికి పోయి జీడి గింజను గుచ్చి, పుల్ల ముంచి, కాలరు లోపల నలభై ఒకటో గుర్తు పెట్టింది. ఒక అడ్డగీత, దాని కింద చుక్క. మర్నాడు వాగుకు పోతూ మాదిగవాడ మొదట్లో నిలబడి, అబ్రహాంను పిలిచి చెప్పింది.

"పొద్దుమూకి ఇంటికాడ ఉండు. గడప మీద పెట్టిపోను. నీ చేతికే ఇస్త."